పులుసుకి ఐదు స్టార్లు, బోర్డు మీద లేని కామా సంగతి వేరే

ముందు తిండి సంగతి చెప్పేస్తా, ఎక్కువమంది చదివేది దానికోసమే కదా. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో ఉంది ఈ మెస్సు. ఏసీ లేదు, పట్టుమని పది టేబుళ్లు లేవు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్తే తినేవాళ్ల కుర్చీ వెనకే నిలబడి వాళ్లు ఎప్పుడు మజ్జిగలోకి వస్తారా అని చూస్తుండాలి. అయినా చేపల పులుసుకి ఐదుకి ఐదు ఇస్తున్నా. పేరు మాత్రం రాయను. ఆ హోటల్ బోర్డు మీదున్న తప్పుల గురించి కింద చాలా రాయబోతున్నా, పేరు పెట్టి ఆ పని చేస్తే, రివ్యూల్లో ఆ తప్పులు చూపించి నవ్వేవాళ్లని కింద తిట్టబోతున్నానే, వాళ్ల పక్కన నేనూ వెళ్లి నిలబడ్డట్టే. నెల్లూరోళ్లకి ఈ ఆనవాళ్లు చాలు, ఎలాగూ పట్టేస్తారు.

కొర్రమీను రోజూ ఉంటుంది. బొమ్మిడాయిలు దొరికిన రోజే ఉంటాయి, దొరకలేదంటే లేవని చెప్తారు గానీ ఇంకో చేప వేసి అదే పేరుతో వడ్డించరు, ఈ ఒక్క విషయానికే నాకు ఆ ఓనరంటే గౌరవం. పులుసులో చింతపండు ఒక్కటే నాలుకని కొట్టకుండా మామిడికాయ ముక్కలు పడతాయి, కాయలు వచ్చే రోజుల్లో అయితే ఆ ముక్క మెత్తబడి పులుసంతా పీల్చుకుని ఉంటుంది, చేప ముక్కకంటే ముందు దానికే పోటీ. మూత తీయగానే మెంతులు, ధనియాల పొడి వాసన. పొద్దున్నే దించేస్తారు కాబట్టి మధ్యాహ్నానికి ముక్కకి ఉప్పూకారం బాగా పట్టి ఉంటుంది, రాత్రికి ఇంకా బాగుంటుంది, కాకపోతే అప్పటికి తలకాయలు అయిపోతాయి. అన్నం నెల్లూరు మసూరి, సన్నంగా పొడిపొడిగా, వేడి తగ్గకుండా వడ్డిస్తారు. మొలగొలుకులు పెడతారా అని అడిగేవాళ్లుంటారు, లేదు, ఇప్పుడు మెస్సు ధరలో ఆ బియ్యం ఎవరూ పెట్టలేరు.

మిగతావి మామూలే. వంజరం వేపుడు పరవాలేదు, నూనె కాస్త ఎక్కువ. చికెన్ ఎక్కడైనా దొరికే చికెనే. బీరకాయ కూర నీళ్లు. రసం తాగొద్దు.

ఇక బోర్డు.

లోపలి గోడ మీద పెద్ద ఫ్లెక్సు ఉంది. పైన వెంకటేశ్వరస్వామి, మూలన ఓనర్ వాళ్ల నాన్న ఫొటో, కింద మెనూ. అందులో భోజనం కాస్తా 'బోజనం' అయింది, ఫ్రై అన్నచోటల్లా 'ప్రై', రొయ్యల ఇగురు 'రోయ్యల ఇగురు', స్వచ్ఛమైన నూనె 'స్వచ్చమైన' నూనె (ఇది వీళ్ల ఒక్కళ్ల తప్పు కాదులెండి, నెయ్యి డబ్బాల మీద, పాల వ్యాన్ల మీద, రాష్ట్రమంతా ఇలాగే తిరుగుతోంది). పార్సిల్ అనే మాట ఆ గదిలోనే మూడు రకాలుగా ఉంది, కౌంటర్ మీద 'పార్శిల్', ఫ్లెక్సులో 'పార్సల్', కవర్ మీద ఇంకోటి. ఇవన్నీ చదివి నవ్వుకుని పులుసు కలుపుకోవచ్చు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. బొమ్మిడాయిలని మాత్రం నెల్లూరులో నోటికి ఎలా వస్తే అలా రాశారు, దాన్ని తప్పు అని నేను అననే అనను.

నష్టం వేరే లైనులో ఉంది. ఫ్లెక్సు అడుగున పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ఇలా రాసుంది: 'ఫుల్ మీల్స్ చేపల పులుసు మజ్జిగ ఫ్రీ'. ఓనర్ ఉద్దేశం ఏమిటంటే, ఫుల్ మీల్స్ ఉంది, చేపల పులుసు విడిగా ఉంది, మజ్జిగ ఒక్కటే ఊరికే ఇస్తాం అని. చదివేవాడికి అర్థమయ్యేది మీల్స్ తీసుకుంటే పులుసూ మజ్జిగా రెండూ ఫ్రీ అని. కొన్ని హోటళ్లలో ముక్క లేకుండా ఉత్త పులుసు మీల్స్‌తో పాటు పోసే అలవాటు ఉంది కాబట్టి, అలా అనుకోవడం అత్యాశ కూడా కాదు.

నేను తింటుండగానే జరిగింది. ఆస్పత్రి పనిమీద కావలి నుంచో ఎక్కడినుంచో వచ్చినట్టున్నారు, ఒక పెద్దాయన, కొడుకు, కోడలు, చేతిలో స్కానింగ్ కవర్. కడుపునిండా తిన్నారు. బిల్లు చూసి కొడుకు లేచాడు. "బోర్డు మీద ఫ్రీ అని రాసుకుని ఇదేందన్నా" అన్నాడు. "మజ్జిగే ఫ్రీ అబ్బయా, పులుసు కాదు" అన్నాడు ఓనర్. "మరి అట్టా రాయాల్సింది." దానికి ఓనర్ దగ్గర సమాధానం లేదు, అతని దగ్గర మాత్రం ఏముంటుంది, ఆ లైను ఎలా చదివినా కుర్రాడు చెప్పినట్టే ఉంది. పెద్దాయన ఇబ్బంది పడిపోతూ "పోనీలేరా, ఇచ్చేయ్" అంటున్నాడు, కొడుకు వినడం లేదు, చివరికి ఓనరే పులుసులో సగం డబ్బులు తగ్గించి పంపించాడు. ఆయనకి డబ్బు పోయింది, వాళ్లు మోసపోయామనుకుంటూ వెళ్లారు. ఒక్క కామా ఖరీదు అది.

ఈ హోటల్‌కి ఉన్న రివ్యూల్లో ఒకాయన ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు. తిండి గురించి ఒక్క ముక్క లేదు, 'బోజనం' దగ్గర గుండ్రంగా గీత గీసిన ఫొటో, కింద పడీపడీ నవ్వే బొమ్మలు. దాని కింద మరో నలుగురు చేరారు. నాకు ఒళ్లు మండింది అక్కడే. నువ్వు రేటింగ్ ఇస్తున్నది అన్నానికా అక్షరానికా? ఆ రేటింగ్ చూసి రాకుండా పోయేవాడు స్పెల్లింగ్ బాగాలేదని పోవడం లేదు, పులుసు బాగాలేదేమో అనుకుని పోతున్నాడు. పైగా ఇంకో సంగతి తర్వాత తెలిసింది. బయట ఒక పలక ఉండేది, 'ఈరోజు స్పెషల్' అని సుద్దముక్కతో రాసేవాళ్లు, అది రాసేది ఓనర్ కూతురు, ఇంటర్ చదువుతోంది, మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం. ఆ ఫొటోల్లో పలక కూడా ఉంది. అంతే, ఆ పిల్ల రాయడం మానేసింది. పలక చాలారోజులు ఖాళీగా వేలాడింది, బొమ్మిడాయిలు వచ్చిన రోజు కూడా లోపలికి వెళ్లి అడిగితే గానీ తెలిసేది కాదు. కస్టమర్లకి జరిగిన మేలు ఏమిటో ఆ నవ్వినవాళ్లే చెప్పాలి.

ఒంగోల్లో నాకో ఫ్రెండ్ ఉన్నాడు, తెలుగు మాస్టారు. ఆయన వాదన దీనికి పూర్తిగా ఎదురు. కనిపించిన ప్రతి తప్పూ చెప్పాల్సిందే అంటాడు, చెప్పకపోతే అదే ఒప్పు అయిపోతుంది అంటాడు, పిల్లలు రోజూ చదివేది పుస్తకాలు కాదు బోర్డులు అంటాడు. ఇందులో నిజం లేకపోలేదు. "భారతంలో పదిహేను పర్వాలు రాసిన తిక్కన గారి ఊళ్లో బోజనం ఏందయ్యా" అని నన్ను దెప్పుతాడు కూడా, ఆయనది అద్దంకి వైపు, ఎర్రన మావాడు అనే గర్వం మాటమాటకీ బయటపడుతుంది. నేనన్నాను, తిక్కన గారికి చెప్పింది రాసిపెట్టే గురునాథుడు ఉన్నాడు మాస్టారూ, మెస్సు ఓనర్‌కి ఫ్లెక్సు షాపు కుర్రాడు ఉన్నాడు, తేడా అక్కడుంది అని. ఆ కథ మన వైపు అందరికీ తెలిసిందే, ఆశువుగా చెప్తూ చెప్తూ తిక్కన గారు ఒకచోట ఆగి "ఏమి చెప్పుదుం గురునాథా" అంటే ఆ మాటని కూడా గురునాథుడు రాసేశాడని, అది పద్యంలో కుదిరిపోయిందని అంటారు. ఫ్లెక్సు షాపులో కూడా చెప్పింది చెప్పినట్టే కొడతారు, కుదరడం కుదరకపోవడం మీ అదృష్టం.

నిజంగా ఈ తప్పులు ఎక్కడ పుడతాయో చూడాలంటే ఒకసారి ఆ షాపులో కూర్చోవాలి. మెస్సు ఓనర్ వంటింట్లో ఉంటాడు, టైపింగ్ రాదు, ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి మెనూ మొత్తం గడగడా చెప్పి, అది అక్షరాలుగా మారాక వాట్సాప్‌లో పంపిస్తాడు. నోటితో చెప్పినదాంట్లో కామాలు ఎక్కణ్ణుంచి వస్తాయి. అక్కడ ఆపరేటర్ దాన్ని చూస్తూ అను ఫాంట్లలో మళ్లీ కొడతాడు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే మనం ఫోన్లలో టైప్ చేసే తెలుగు లాంటివి కావు, కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, ఏవో ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, కాబట్టి తప్పు కింద ఎర్రగీత రావడం, వెతికి సరిచేయడం అనే సౌకర్యం ఉండదు. పోనీ వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగునే కాపీ చేసి పాత ఫోటోషాప్‌లో పెడదామంటే, టైప్ సెట్టింగ్స్‌లో తెలుగు లాంటి లిపులని సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేసి లేకపోతే ఒత్తులు విడిపోయి పొల్లు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. మీరు రోడ్డు మీద చూసే 'శ్‌రీ' లాంటి వింతల్లో చాలావాటికి కారణం ఇదే, రాసినవాడికి ఒత్తులు రాక కాదు. తర్వాత డిజైన్ ఫోన్‌కి పంపిస్తారు, ఓనర్ దాంట్లో చూసేది మూడే మూడు: ధరలు, ఫోన్ నంబర్, నాన్న ఫొటో. "ఓకే అన్నా" అని మెసేజ్ పెడతాడు. అరగంటలో ప్రింటు బయటికి వస్తుంది. పండగలప్పుడు, ఎలక్షన్లప్పుడు ఆ కుర్రాళ్లకి నిద్రే ఉండదు, అక్షరదోషాలు చూసే తీరిక ఎవరికి?

అందుకే ఓనర్‌ని చదువురానివాడన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. అలాగని నోరు మూసుకుని వచ్చేయమనీ అనను. పులుసు గొడవ చూశాక చెప్పకుండా రావడం స్నేహం కాదు.

చెప్పాను. ఒంటిగంట రద్దీలో కాదు, జనం పలచబడ్డాక, నా బిల్లు కట్టేశాక. బిల్లు కట్టకముందు చెప్తే డబ్బులు తగ్గించమని అడిగినట్టు ఉంటుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ముందు పులుసు బాగుందన్నాను, అది అబద్ధం కాదు కాబట్టి కష్టపడలేదు. తర్వాత ఆ ఒక్క లైను చూపించి, "అన్నా, ఇందాకటి గొడవకి ఇదే కారణం, పులుసు తర్వాత చిన్న గీత పడితే మజ్జిగ విడిపోతుంది" అన్నాను. 'బోజనం' గురించి ఎత్తలేదు. ఓనర్ ఆ లైను పెదాలు కదుపుతూ చదువుకున్నాడు, మళ్లీ చదివాడు. వంటింట్లోంచి వాళ్లావిడ వచ్చి "నేను అప్పుడే చెప్పలా, నా మాట విన్లా" అంది, అంటే ఆమెకి ముందే తెలుసు. ఓనర్ కాసేపు ఆలోచించి, "గీత పెడితే మాత్రం ఎవురు చూస్తారన్నా, మజ్జిగని కింది లైన్లోకి దించేస్తా" అన్నాడు. నా కామాకంటే అది వందరెట్లు మంచి ఉపాయం. ఆకలితో వచ్చినవాడు కామాలు చూడడు, లైన్లు చూస్తాడు.

పాత ఫ్లెక్సు తీసేయలేదు. అంత పెద్దది మళ్లీ కొట్టించాలంటే అడుగుల లెక్కన డబ్బు. ఆ ఒక్క లైను మీద పట్టేంత స్టిక్కర్ కొట్టించి అతికించాడు, ఖర్చు తక్కువలో తేలిపోయింది. చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి, సలహా ఇవ్వడం మనకి ఊరికే, దిద్దడం వాళ్లకి ఖర్చు. నేను ఇంకో పని చేశాను, ఆ లైను సరిగ్గా టైపు చేసి ఫొటోగా పంపించాను. మామూలు మెసేజ్‌గా పంపితే షాపులో మళ్లీ ఒత్తులు విడిపోతాయి, ఫొటో అయితే చూసి కొడతాడు, తప్పు పడినా పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అనేదానికి నా లెక్క ఇదే. డబ్బు పోయే తప్పు, మనిషి దారి తప్పే తప్పు అయితే ఆరోజే చెప్పాలి. ఫోన్ నంబర్లో అంకె తగ్గడం, సెలవు రోజు తప్పు పడటం, ధర పక్కన సున్నా ఎగిరిపోవడం, ఆహార భద్రత లైసెన్సు నంబర్ 14 అంకెలు ఉండాల్సింది 13 పడటం, ఇలాంటివి. మందుల షాపులో, క్లినిక్‌లో పూటకి ఎన్ని అనే దగ్గర తప్పుంటే అక్కడ మొహమాటానికి చోటే లేదు, నలుగురిలో అయినా సరే చెప్పేయండి. మిగతావి, అంటే ఒత్తులు, ప ఫ లు, వాటిని ఓనర్ కొత్త బోర్డు కొట్టిస్తున్నానని తనే అన్నప్పుడు చెప్పొచ్చు, అప్పుడైతే దిద్దడానికి పైసా ఖర్చుండదు, ఆయన కూడా సంతోషంగా వింటాడు. పరిచయం లేని చోట అసలు చెప్పకపోయినా ఊరేం మునిగిపోదు.

మాస్టారు దీనికి ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా. అయితే ఒక విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. యాడ్ ఏజెన్సీలు పెట్టుకుని, హైవే పొడవునా హోర్డింగులు కట్టి, ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని మెషీన్‌తో తెలుగు చేయించి అలాగే వేలాడదీసే పెద్ద కంపెనీలు ఉన్నాయి చూడండి, వాళ్లని వదలొద్దు. వాళ్లకి చదివి చూసే మనిషిని పెట్టుకునే స్తోమత ఉంది, పెట్టుకోలేదు, ఎందుకంటే మనం అడగం. ఫొటో తీసి గుండ్రంగా గీత గీసి నవ్వాలనిపిస్తే అక్కడ నవ్వండి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలినంత సరుకు దొరుకుతుంది.

ఇంకో చిన్న దారి. గూగుల్ మ్యాప్‌లో హోటల్ పేరో, టైమింగో, నంబరో తప్పుంటే దాన్ని రివ్యూలో ఎత్తిచూపకండి, అక్కడే సజెస్ట్ యాన్ ఎడిట్ అని ఉంటుంది, దాంట్లో సరైనది రాసి పంపితే వాళ్లు చూసుకుని మారుస్తారు, ఓనర్ మొహం మీద ఎవరూ ఏమీ అన్నట్టు ఉండదు. ఈ మెస్సు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మ్యాప్‌లో ఒకలా, ఫుడ్ యాప్‌లో ఒకలా ఉండి వెతికితే దొరికేది కాదు, అలా పంపాకే ఒకటైంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మాత్రం బోర్డు మీది పేరు రాదు, ఓనర్ వాళ్ల తమ్ముడి పేరు వస్తుంది, టెన్షన్ పడకండి, డబ్బులు అక్కడికే వెళ్తాయి. అది స్పెల్లింగ్ సమస్య కాదు, అకౌంట్ ఆయన పేరు మీద ఉంది, అంతే.

వెళ్లేవాళ్లకి: ఆదివారం మధ్యాహ్నం వెళ్లొద్దు, ముక్కలు చిన్నవైపోతాయి, వడ్డించేవాళ్లకి మాట వినిపించదు. బండి సందులో పెట్టడానికి కుదరదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచి రండి. పార్సిల్ కావాలంటే మీ స్టీలు క్యారేజీ తీసుకెళ్లండి, వేడి పులుసు ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇస్తారు, దానికి మాత్రం ఒక స్టార్ తగ్గించాలని ఉంది. చేప తలకాయ కావాలంటే పదకొండింటికే ఫోన్ చేసి చెప్పి ఉంచండి. చేతులు కడుక్కునే చోట గచ్చు జారుతుంది, దాని గురించి ఓనర్‌కి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు, ఈసారి వెళ్లేవాళ్లు చెప్పండి.